మూడో పిలుపు

కృష్ణానది గురించి రాసినవాళ్ళు తక్కువేమీ కాదు. ఏ రాజు ఏ రేవులో దాటాడో, ఏ వరద ఏ గుడిమెట్టు దాకా వచ్చిందో, అన్నీ రాసిపెట్టారు. కానీ ఆ నది ఒడ్డున పుట్టిన సాయమ్మ అనే మనిషి, పిలిచింది ఎవరైనా సరే, మూడో పిలుపు దాకా పలకదన్న సంగతిని ఇంతవరకు ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. ఇది పెద్ద లోటే. ఎందుకంటే ఇంత చిన్న అలవాటు మీద ఒక అధికారి విచారణ జరిపి నివేదిక రాశాడు, ఇద్దరు వకీళ్ళు గొంతులు చించుకున్నారు, ఒక రాష్ట్ర ప్రభుత్వం తన పరువంతా దాని మీదే నిలబెట్టుకుంది.

అలవాటు పుట్టింది రేవులో. సాయమ్మ నాయిన సోమశిల దగ్గర పుట్టిని నడిపేవాడు. బుట్టలా గుండ్రంగా ఉండే ఆ పడవ ఎటు తిరుగుతుందో దానికే తెలియదు, నడిపేవాడికి కొంచెం తెలుస్తుంది. అవతలి ఒడ్డున నిలబడి ఎవరైనా "ఓ..." అని కేకేస్తే ఇవతలి నుంచి పుట్టి పోవాలి. అయితే కేకేసిందల్లా మనిషేనని నమ్మడానికి లేదు. మొదటి కేక మనిషిది కావచ్చు. రెండోది, గుట్ట దాన్నే తిప్పి అనడం కావచ్చు. నదిలో మునిగి పోయినవాళ్ళు కూడా పిలుస్తారు, కాకపోతే వాళ్ళ ఊపిరి రెండు కేకలకే సరిపోతుంది. ఈ సంగతి రేవులో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"మూడోసారి పిలిచినోడే దాటేటోడు బిడ్డా," అనేవాడు నాయిన. "దానికి ముందు పుట్టి కదిలిస్తివా, ఆడికి పోయి సూస్తె ఒడ్డుమీద ఎవ్వడుండడు. ఉన్నడనుకో, అది ఇంకా కష్టం."

తరువాత శ్రీశైలం ఆనకట్ట నీళ్ళు వెనక్కి తన్ని రేవు మునిగింది, దానితో ఊరూ మునిగింది. ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు మొండిగోడలు బయటపడేవి. తలుపులు లేని గుమ్మాల్లోంచి బురద కనిపించేది. పుట్టికి పని లేకుండా పోయింది గానీ పిలుపులు ఆగలేదని నాయిన అనేవాడు. ఇప్పుడవి ఒడ్డే లేని చోటు నుంచి వచ్చేవట. ఒక సాయంత్రం ఆయన నీళ్ళకేసి చెవి పెట్టి విన్నాడు, రెండో పిలుపుకే లేచాడు, పుట్టి తోసుకుంటూ పోయాడు. పుట్టి మర్నాడు తిరిగొచ్చింది. ఖాళీగా.

సాయమ్మ అప్పటికి పెళ్ళీడుకొచ్చిన పిల్ల. ఆనాటి నుంచి ఆమె రెండు పిలుపులకు రాయి, మూడో పిలుపుకే మనిషి.

అమ్రాబాదు అడవి అంచున ఉన్న జిల్లెడుకుంటకు, పెళ్ళై యాదయ్య ఇంటికి, ఆమె ఈ సిద్ధాంతాన్ని కూడా వెంట తెచ్చుకుంది. ఆ ఇంట్లో చారెడు మెట్ట చెలక, పని దొరికే కాలంలో వలస. కాలువలు తవ్వే చోట తెల్లారగానే మేస్త్రి హాజరు పిలిచేవాడు. సాయమ్మ కళ్ళ ముందే నిలబడి, కళ్ళార్పకుండా, పలికేది కాదు.

"ఓ సాయమ్మా! చెవులు ఊర్ల మర్సివొచ్చినవా ఏంది?"

ఇది రెండో పిలుపు కింద లెక్క. మేస్త్రి తిట్టుకుంటూ మూడోసారి పిలిచాక "ఆ, ఉన్న," అనేది, ఏమీ ఎరగనట్టు. కొన్నాళ్ళకు మేస్త్రీయే ఆమె పేరును ఆగకుండా మూడుసార్లు కలిపి పిలవడం నేర్చుకున్నాడు. నాగరికతలో సంస్కరణలు ఇలాగే వస్తాయి.

యాదయ్య మొదట్లో నవ్వాడు. "మొగుడు పిలిస్తె గూడ మూడుసార్లేనానే? నేనేమన్న దయ్యాన్నా?"

"కాదని నాకెట్ల తెల్వాలె? మూడోసారి పిల్వు, తెలుస్తది."

"దయ్యం గూడ నేర్సుకుంటే?"

"నేర్సుకునే తెలివుంటే అది దయ్యమెందుకైతది?"

నవ్వీ నవ్వీ యాదయ్య కూడా అదే దారిలో పడ్డాడు. చేను గట్టు మీద వంగి పనిచేస్తుంటే సాయమ్మ "ఓ సరోజ నాయినా!" అని అన్నానికి పిలిచేది. వాళ్ళ బిడ్డ సరోజ పెళ్ళై అత్తారింటికి పోయాక కూడా ఆ పిలుపు మారలేదు. ఒకటి, రెండు పిలుపులకు వీపు కదిలేది కాదు. మూడోదానికి నడుం పట్టుకుని లేచి, తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వేవాడు. ఆ తిరిగే క్షణం కోసమే సాయమ్మ మొదటి రెండూ పిలిచేది.

ఈ మతంలో కలవనిది యాదయ్య తల్లి దేవమ్మ ఒక్కతే. ఆమె ఎవరు పిలిచినా, ఒక్కోసారి పిలవకముందే, "ఓయ్, వస్తున్న!" అనేది. వీధిలో పోయేవాడు దగ్గినా సరే.

రెండువేల మూడులో, ఇప్పపూలు రాలే రోజుల్లో, యాదయ్య బుట్ట తీసుకుని చెలక దాటి చెట్ల కిందికి పోయాడు. ఇప్పపువ్వు తెల్లారేముందు రాలుతుంది; మేకలు రాకముందే ఏరుకోవాలి. ఆ పూలు ఎండుటాకుల మీద పడే చప్పుడు వింటే ఎవరో మెత్తటి అడుగులతో చెట్టు చుట్టూ తిరుగుతున్నట్టుంటుంది. చలికి ఆయన తెల్ల తువ్వాలు తలమీంచి భుజాల దాకా కప్పుకున్నాడు. సాయమ్మ వాకిట్లో కల్లాపి చల్లుతుంటే అటునుంచి తుపాకులు పేలాయి. ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. దేవమ్మ లోపలినుంచి "ఓయ్!" అంది.

ఊరివాళ్ళు పోయేసరికి యాదయ్య బోర్లా పడి ఉన్నాడు. చుట్టూ బూట్లవాళ్ళు నిలబడి ఉన్నారు. పూలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. ఆయన వీపు మీద కూడా కొన్ని రాలాయి.

ఆ రోజు సర్కారు మాట ప్రకారం అక్కడ ఎదురుకాల్పులు జరిగాయి. ఎదురుగా దొరికిన ఆయుధం పూలబుట్ట ఒక్కటే కావడంతో మర్నాటికి మాట కొంచెం మారింది: అడవిలో తీవ్రవాదుల కోసం గాలిస్తున్న పోలీసు దళానికి అనుమానాస్పద వ్యక్తి కనబడ్డాడు, దళం వాళ్ళు పిలిచారు, ఆగలేదు, మళ్ళీ పిలిచారు, కనీసం తిరిగి చూడలేదు, ఆత్మరక్షణ కోసం కాల్చవలసి వచ్చింది. రెండుసార్లు పిలిచామన్న మాటను విచారణ జరిపిన అధికారి మెచ్చుకుని, నివేదికలో గీత కూడా గీశాడు.

ఆ నివేదిక ఊళ్ళో చదివి వినిపించిన రోజున సాయమ్మ లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. రెండుసార్లు పిలిచారు. ఆయన మూడో పిలుపు కోసం ఆగాడు. అలా ఆగమని నేర్పింది తనే.

దేవమ్మ ఆ మాట మనసులో పెట్టుకునే మనిషి కాదు.

"నీ నాయిన్ను నది తిన్నది, నా కొడుకును నువ్వు తిన్నవు. మొదటి పిలుపుకే తిరిగి సూసివుంటే, మొఖం సూసి ఇడిసిపెట్టకపోదురా? నా కొడుకు మొఖం సూసినోడెవ్వడన్న కాలుస్తడానే?"

"అత్తా..."

"ఏం, ఇప్పుడు ఒక్క పిలుపుకే పలుకుతున్నవ్?"

నిజమే. అత్త పిలుపుకు మాత్రం ఆమె వెంటనే పలకడం మొదలుపెట్టింది. తక్కిన లోకానికి ఇంకా మూడే.

పిలుపులు ఆ వానాకాలంలో మొదలయ్యాయి. పొద్దు గుట్ట వెనక్కి జారి, చెలక మీద వెలుగు బూడిదరంగుకు తిరిగే వేళ, ఇప్పచెట్ల వైపు నుంచి ఒక కేక వచ్చేది. మాట కాదు. పేరూ కాదు. పొడుగ్గా, చివర కొంచెం విరిగి, అవతలి ఒడ్డు నుంచి పుట్టి కోసం వేసే కేకలా ఉండేది. విన్న వెంటనే దేవమ్మ "ఓయ్ బిడ్డా, వస్తున్న!" అంటూ కర్ర నేలకు కొట్టుకుంటూ వాకిలి చివరకు పోయేది. అంతలో రెండోది వచ్చేది. దేవమ్మ ఇంకా గట్టిగా "వస్తున్న ఆగు!" అని అరిచేది. ఆ తరువాత ఏమీ ఉండేది కాదు. చెట్లు నల్లబడేవి, అంతే.

సాయమ్మ పొయ్యి దగ్గర కదలకుండా కూర్చుని మూడోదాని కోసం చూసేది. అది రావాలని ఉండేది. వస్తే తను లేచి పోవలసి వస్తుందనీ తెలుసు. అది ఎన్నడూ రాలేదు. ఆ పొద్దు తనకు వినబడిన పిలుపులు రెండేనని యాదయ్య రోజూ వచ్చి చెప్పి పోతున్నట్టుండేది.

పక్కింటి చిన్నమ్మను అడిగితే "అడివన్నంక నూరు అరుస్తయి, నెమలో ఏదో," అని చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది. చిన్నమ్మకు ఏ విషయంలోనూ లోతు లేదని అత్తాకోడళ్ళు ఇద్దరూ మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు.

నిరంజన్ అనే కుర్ర వకీలు కల్వకుర్తి నుంచి వచ్చి, సర్కారు మీద దావా వేద్దామన్నాడు. సాయమ్మకు నమ్మకం కలగలేదు.

"సర్కారు మీద కేసేంది సారూ? సర్కారు బోన్ల నిలవడుతదా?"

"నిలబడదమ్మా. దాని తరఫున వకీలు నిలబడతడు. సర్కారు మనుషులు అన్యాయంగా చంపితే సర్కారే జవాబు చెప్పాలె. అంతే కేసు."

"జవాబు చెప్తే ఏమైతది?"

"ఏం కావాలె నీకు?"

"తప్పు ఎవరిదో చెప్పాలె," అంది సాయమ్మ. "నాదా, వాళ్ళదా. నాదైతే నాదే అని చెప్పమను. అత్త అన్నట్టు అయితే అయితది. తెల్వక బతుకుడు చాతనైతలేదు."

అలా నాగర్‌కర్నూల్ కోర్టులో జిల్లెడుకుంట సాయమ్మ వాది అయింది, రాష్ట్ర ప్రభుత్వం ప్రతివాది అయింది. కాగితం మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండటం చూసి గుమాస్తా కూడా కాసేపు ఆగాడట.

సర్కారు వకీలు పెద్దమనిషి. రాజ్యమేలే పనిలో ఉన్నప్పుడు ప్రభుత్వం చేసినదానికి ఎవరూ నష్టపరిహారం అడగరాదని ముందుగా చెప్పాడు. అడగవచ్చునని జడ్జి అనబోతున్నట్టు కనిపించగానే, సరే, అడిగినా తప్పు చచ్చినవాడిదేనన్నాడు. ఒకసారి పిలిస్తే చాలని నియమం ఉండగా ప్రభుత్వం దయతో రెండుసార్లు పిలిచింది. ఇంకేం చేయాలి, తాంబూలం పంపాలా?

నిరంజన్ కూడా తక్కువ తినలేదు. నదివాళ్ళ ఆచారం మీద సోమశిల నుంచి ముసలివాళ్ళను పిలిపించి సాక్ష్యం చెప్పించాడు. ఇదే కోర్టులో బంట్రోతు వరండాలో నిలబడి ప్రతి మనిషినీ మూడుసార్లు పిలుస్తాడు కదా, మూడుసార్లు పలకకపోతేనే గైరుహాజరు అంటారు కదా, దావా కొట్టేయడానికే మూడు పిలుపులు కావలసి ఉంటే మనిషిని కొట్టేయడానికి రెండు ఎట్లా సరిపోతాయని అడిగాడు. జడ్జి కలం ఆపి వరండా వైపు చూశాడు. అక్కడి నుంచి కేసు రెండు, మూడు అన్న అంకెల మధ్య పెరుగుతూ పోయింది. గుట్ట తిప్పి అన్న ప్రతిధ్వని పిలుపు కింద వస్తుందా రాదా అన్నది ఒక వాయిదా అంతా నడిచింది. తన నాయిన చెప్పిన మాటను నల్లకోట్లవాళ్ళు ఇంత శ్రద్ధగా తర్కించడం చూసి సాయమ్మకు గర్వం కలగాలి. కలగలేదు. వాళ్ళు రెండు అన్నప్పుడల్లా ఆమెకు వంగిన వీపు కనబడేది.

దళంలో ఒకడైన హెడ్‌కానిస్టేబుల్ రామచంద్రయ్య సాక్ష్యం చెప్పే రోజున దేవమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. "నా కొడుకును పిలిచినోని గొంతు నేను ఇనాలె," అంది. ముగ్గురూ వరండాలోనే కూర్చున్నారు: ఒక బల్ల మీద అత్తాకోడళ్ళు, ఎదుటి బల్ల మీద టోపీ ఒళ్ళో పెట్టుకుని రామచంద్రయ్య. ఎవరి మొఖం ఎవరూ చూడలేదు.

బంట్రోతు దేవదాసు ఆ రోజు కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, వాది పేరు చదవబోయి ఒక వరుస కిందికి జారాడు. అక్కడ కీర్తిశేషుడైన భర్త పేరు ఉంది. గొంతు సవరించుకుని వరండా దద్దరిల్లేలా పిలిచాడు.

"యాదయ్యా!"

"ఓయ్!" అంది దేవమ్మ.

వరండాలో మాటలు ఆగిపోయాయి. దేవదాసు తన పద్ధతి ప్రకారం ఆగలేదు.

"యాదయ్యా!"

"వస్తుండు!" అంది దేవమ్మ, గేటు వైపు తల తిప్పి. అది మామూలు గొంతు. ఆలస్యమైన కొడుకు గురించి తల్లి చెప్పే మాట.

సాయమ్మ లెక్కపెట్టింది. ఇంకొకటి ఉంది. బంట్రోతును ఆపబోయి సగం లేచింది.

"జిల్లెడుకుంట యాదయ్యా, హాజిర్ హై!"

మూడో పిలుపు. గేటు దగ్గర ఎండలో దుమ్ము లేచి, గిర్రున తిరిగి, వరండా మెట్ల దాకా వచ్చి కూలబడింది. అందరూ అటే చూశారు. గుమ్మం దాకా వచ్చిన నిరంజన్ చూశాడు, సర్కారు వకీలు కూడా చూశాడు. సాయమ్మ మాత్రం చూడలేదు. ఆమె కళ్ళు ఎదుటి బల్ల మీద పడ్డాయి. రామచంద్రయ్య లేచి నిలబడి ఉన్నాడు. టోపీ కింద పడింది.

"నీ పేరు యాదయ్యా?" అన్నాడు దేవదాసు, అనుమానంగా.

"కాదు," అన్నాడు రామచంద్రయ్య. వంగి టోపీ తీసుకున్నాడు.

బోనెక్కాక సర్కారు వకీలు అడిగినవాటికి ఆయన అవునన్నాడు. తరువాత నిరంజన్ లేచాడు. నిరంజన్‌కు ఆ పూట పెద్ద ఆశలేమీ లేవు. పిలుపులు రెండూ ఒకే గొంతువి కాకపోతే, ఆచారం ప్రకారం ఇద్దరు మనుషులు చెరొకసారి పిలిచినట్టే అవుతుందని ఒక కొత్త సూక్ష్మం కనిపెట్టి ఉన్నాడు.

"మొదటిసారి పిలిచింది ఎవరు?"

సాక్షి చేతిలో టోపీ తిప్పుతూ నిలబడ్డాడు.

"సరే. రెండోసారి పిలిచింది ఎవరు? ఆయనేనా, వేరే మనిషా?"

రామచంద్రయ్య కిటికీలోంచి వరండా వైపు చూశాడు. దేవమ్మ ఇంకా గేటుకేసే చూస్తోంది.

"ఎవ్వరు లేరు సార్," అన్నాడు.

"అంటే?"

"పిలుసుడు గిలుసుడు ఏం లేదు. ఇప్పచెట్ల కింద తెల్లగ ఏదో వంగుకుంట లేసుకుంట తిరుగుతుండె. సప్పుడు లేదు. మాకందరికి పానం దడదడ అన్నది. మనిషో ఏందో తెల్వదు. పక్కోడు కాల్చిండు, ఇంగ అందరం కాల్చినం. దగ్గరికి పోతె బుట్ట కనవడ్డది."

"మరి రెండుసార్లు పిలిచామని రాసింది?"

"గట్ల రాయమన్నరు సార్. రాసినం."

సర్కారు వకీలు లేవబోయి, ఏమనుకున్నాడో, మళ్ళీ కూర్చున్నాడు. నిరంజన్ తన చేతిలోని సూక్ష్మాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళ వాదనలో ఆయన రెండు తక్కువని నిరూపించడానికే కష్టపడ్డాడు. ఒకటైనా ఉందా అని అడగాలని ఆయనకూ తోచలేదు, సర్కారుకూ తోచలేదు, సోమశిల ముసలివాళ్ళకూ తోచలేదు.

తీర్పు ఆ తరువాత కొన్ని నెలలకు వచ్చింది. చావుకు ప్రభుత్వమే బాధ్యత వహించాలని, రాజ్యమేలే పని అన్న సాకు మనిషి ప్రాణం దగ్గర చెల్లదని జడ్జి రాశాడు. ప్రభుత్వం పైకోర్టుకు పోయింది. పోవడం దాని అలవాటు. సాయమ్మకు కావలసిన జవాబు మాత్రం ఆ మధ్యాహ్నమే దొరికింది.

ఆ రోజు తిరుగు బస్సులో అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు అచ్చంపేట దాటింది.

"పిలువనే లేదంట," అంది దేవమ్మ, కిటికీతో చెప్తున్నట్టు.

"ఆ."

"పిలిస్తె తిరుగుతుండె గద? రెండుసార్లకు కాకున్నా, మూడోసారికైనా?"

"తిరుగుతుండె అత్తా. నవ్వుకుంట తిరుగుతుండె."

దేవమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంది. తరువాత కోడలి చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. క్షమాపణలు చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. ఇద్దరూ కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నారు. సాయమ్మ మనసులో బస్సు ఎక్కినప్పటి నుంచి ఒకటే తిరుగుతోంది: ఆ పొద్దు ఆయనను ఎవరూ పిలవకపోతే, రోజూ ఇటు పిలిచేది ఎవరు?

చెలక మీద వెలుగు బూడిదరంగుకు తిరిగింది. చెట్ల వైపు నుంచి కేక వచ్చింది. పొడుగ్గా, చివర విరిగి.

దేవమ్మ పలకలేదు. కర్ర మీద చెయ్యి బిగించింది గానీ నోరు విప్పలేదు. జీవితంలో మొదటిసారి ఆమె ఒక పిలుపుకు ఊరుకుంది.

రెండోది వచ్చింది.

ఎప్పుడూ ఈ వేళకు అత్త అరుపులు, కర్ర చప్పుళ్ళు వాకిలంతా నిండేవి. ఇవాళ ఏ చప్పుడూ లేదు. ఆకు కదలడం లేదు. చెట్ల కింది నీడలు ఒక్కటొక్కటిగా కలిసిపోతున్నాయి.

మూడోది వచ్చింది.

దేవమ్మ కోడలి మోచేయి పట్టుకుంది. సాయమ్మ లేచి నిలబడింది. లేవకుండా ఉండటం ఆమె వల్ల కాదు. పుట్టినప్పటి నుంచీ ఆమెకు తెలిసిన ధర్మం అదొక్కటే. చెప్పులు లేకుండా వాకిలి దాటి, చెలక గట్టు మీదికి ఎక్కింది.

అప్పుడు నాలుగోది వచ్చింది. వెంటనే ఐదోది. ఆ తరువాత లెక్క తప్పింది. ఇప్పచెట్టు కొమ్మ మీద బరువుగా రెక్కలు కొట్టుకున్నాయి, పొడుగాటి తోక ఒకటి ఆకుల్లోంచి కిందికి వేలాడింది.

నెమళ్ళు పొద్దుగూకేవేళ చెట్టెక్కాక అట్లాగే అరుస్తాయి. కింద ఎవరైనా కేకలేస్తే ఊరుకుంటాయి.